క్లచ్ పాఠం

పాలవ్యాను ఒక్క ఊపు ఊగి మళ్లీ ఆగిపోయింది.

"రిలీజ్ అంటే ఒక్కపారి ఇడిచిపెట్టుడు కాదు బిడ్డా, మెల్లమెల్లగ ఇడువాలె," అన్నాడు పక్క సీట్లోంచి మౌనిక తండ్రి రాజమల్లు. "సౌదిల ఇరవై చక్రాల ట్రైలర్ నడిపిన. గీ వ్యానెంత?"

స్టీరింగు ముందు కూర్చున్న మౌనిక మళ్లీ తాళం తిప్పింది. ఇంకో గంటలో సిద్దిపేటలో లైసెన్సు టెస్టు. పాసైతే తమ ఊరు చింతమడక పాలు రోజూ తనే తీసుకుపోతుంది. లేదంటే వేరే డ్రైవర్ను పెడతానని బాపు ముందే చెప్పాడు.

ఊపిరి బిగబట్టి, క్లచ్ మీది కాలు మెల్లగా లేపింది. వ్యాను మూలిగి ఆగింది.

అప్పుడు చూసింది. బాపు చెయ్యి హ్యాండ్‌బ్రేక్‌ను పైకి గుంజి పట్టుకుని ఉంది.

"బాపూ, ముందుగాల నువ్వు గది రిలీజ్ చెయ్."

రాజమల్లు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "ఎప్పుడు గుంజిన్నో ఏమో."

"గంత పెద్ద ట్రైలర్ నడిపినోనివి, నీకు భయమా?"

"ట్రైలర్ల నా బిడ్డ లేకుండె గద."

బ్రేకు దించాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇగ పోనియ్," అన్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని.

వ్యాను కదిలింది.