పాప పుట్టినరోజు

"నన్ను మాత్రం ఆ డ్యూటీకి వెయ్యకక్కా. గొట్టం తీసుడు నాతోని కాదు," అంది వినోద.

కరీంనగర్‌లోని ఆ ఆసుపత్రిలో, పసికందుల వార్డుకు ఆమె కొత్త నర్సు. పుట్టేటప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బాబు ఒకడు వెంటిలేటర్ మీదున్నాడు. ఇక బతకడని డాక్టర్లు తేల్చారు. తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం గొట్టం తీసి బిడ్డను తల్లి చేతికివ్వాలి. డాక్టర్ల ముందు ఈ మాట మొదట ఎత్తింది హెడ్ నర్సు సృజనే.

"మనం బతికించేటోళ్ళం గదా అక్కా?"

"బతికే పిల్లల కోసం కొట్లాడుతం. బతకడని తెలిసినంక గూడ సూదులు పొడుసుకుంట ఉంచుడు ఎవలి కోసం? నొప్పి తెల్వకుంట మందిద్దాం. అవ్వ ఒళ్ళె ఉంటడు."

"రేపు ఆ అవ్వనే మనల్ని తిడితే?"

"తిడితే పడాలె." సృజన గొంతులో కోపం లేదు. "నీ మనసొప్పకుంటే వద్దులే. నేనే ఉంట."

అంతలో వార్డు తలుపు దగ్గరికి ఓ జంట వచ్చింది. చెన్నూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అమూల్య, రాకేశ్. సృజన కనబడగానే అమూల్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఇయ్యాల మా పాప పుట్టినరోజు సిస్టర్. మీ నోరు తీపి చెయ్యకుంట ఎట్లుంటం?"

సృజన పాలకోవా నోట్లో వేసుకుంది. లోపల మానిటర్ మోగితే గబగబా వెళ్ళిపోయింది.

అమూల్య మిఠాయి డబ్బాను వినోద ముందు పెట్టింది.

"గీ సిస్టర్ లేకుంటే మేమేమైపోదుమో! హైదరాబాద్ తీస్కపోతనని ఈయన ఒక్కటే లొల్లి. సిస్టరే మమ్ముల కూసోబెట్టి సమజయ్యేటట్టు చెప్పింది. గొట్టాలన్నీ తీయించి పాపను నా ఎద మీద పండబెట్టింది. అప్పటిదాంక నేను నా బిడ్డను ముట్టనే లే."

"నేను గూడ ఎత్తుకున్న," అన్నాడు రాకేశ్. "నా ఏలు గట్టిగ పట్టుకున్నది. మా అవ్వ తానం పోసి కొత్త గౌను తొడిగింది. ఈడనే పేరు పెట్టుకున్నం."

వినోద ముఖం విప్పారింది. లోపలున్న బాబు మీద ఆమెకు ఆశ పుట్టింది.

"మరి పాపను తీస్కరాలేదేందక్కా? ఎంత పెరిగిందో చూసేటోళ్ళం గదా!"

అమూల్య వినోద చెయ్యి మెల్లగా నిమిరింది.

"గా దినం పొద్దుగూకకముందే నా ఒళ్ళెనే పోయింది చెల్లె."