రేపు చుట్టాలొస్తున్నారు

“నిజం చెప్పండమ్మా, ఆ ఫోన్లు చేసింది మీరే కదూ?”

టీ వడకడుతున్న పెద్దావిడ చెయ్యి ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి అడుగుతున్నావిడ మొన్నటిదాకా ఓ సర్కారు బడిలో హెడ్‌మిస్ట్రెస్. రేపటి నుంచి చుట్టుపక్కల బళ్లన్నిటినీ తనిఖీ చేసే అధికారి. ఒకప్పుడు అదే కుర్చీలో పెద్దావిడ భర్త కూర్చునేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆ కుర్చీ ఎక్కేముందు ఒకసారి ఆయన ఇంటి గడప తొక్కి రావాలనిపించి, పొద్దున్నే ఫోన్ చేసి మరీ వచ్చింది కొత్త అధికారి.

“ఏ ఫోన్లమ్మా?” అంది పెద్దావిడ, ఏమీ ఎరగనట్టు.

“పొద్దున నేను వస్తానంటే, ‘చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకోవాలిగా’ అన్నారు. ఆ గొంతు మర్చిపోతానా? నేను కొత్తగా టీచర్‌గా చేరిన రోజుల్లో మా పక్కింటి ఫోనుకి వచ్చేది. పరిగెత్తుకెళ్లి అందుకుంటే, ‘రేపు మీకు చుట్టాలొస్తున్నారు, ఇల్లు సర్దుకోండి’ అని టక్కున పెట్టేసేవారు. అంతే, మర్నాడు సారు జీపు మా బడి ముందు ఆగేది.”

పెద్దావిడ నవ్వు బిగబట్టాలని చూసింది. ఆగలేదు. పక్కున నవ్వేసింది.

“దొరికిపోయాను కదే తల్లీ!”

ఇద్దరూ టీ గ్లాసులతో ముందుగదిలోకొచ్చి కూర్చున్నారు. ఇంక చూడాలి, ఒకరు ఆపితే మరొకరు అందుకున్నారు.

ఆయన మామూలు మనిషా! చండశాసనుడు. నవ్వితే జీతంలో కోత పడుతుందన్నట్టు ఉండేవాడు. ఏ బడికి వెళ్తున్నదీ మూడో కంటికి తెలియనిచ్చేవాడు కాదు. జీపు కదిలాకే డ్రైవరుకి కుడీ ఎడమా చెప్పేవాడు. ఇంతా చేస్తే, ఆయన దిగేసరికి బడి అద్దంలా మెరుస్తుండేది. టీచర్లు తరగతుల్లో, పిల్లలు బెంచీల మీద, ఆఖరికి చెత్తబుట్ట కూడా దాని చోట అది. ఆఫీసుకు తిరిగొచ్చి ‘ఎవరయ్యా ఆ ఇంటిదొంగ?’ అని గోడలు అదిరేలా అరిచేవాడు. గుమస్తా నుంచి డ్రైవరు దాకా అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవారు.

“ఒకసారి ఏమైందో తెలుసా అమ్మా?” అంది కొత్త అధికారి. “మీ ఫోన్ రాగానే నల్లబోర్డుకి రంగు వేసేశాం. తెల్లారినా ఆరలేదు. సారు చాక్‌పీసు పట్టుకుని లెక్క వెయ్యబోతే అది కాస్తా బోర్డుకి అతుక్కుపోయింది. ఆయన వేళ్లన్నీ నలుపు. మా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన ఆ వేళ్లు చూసుకుని, ‘లెక్క నోటితో చేద్దాం పిల్లలూ’ అన్నారు. అంతే!”

“ఆ వేళ్లు తుడుచుకున్న చొక్కా ఉతికింది నేనే,” అంది పెద్దావిడ. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నీళ్లు నవ్వుతో వచ్చినవేనా అంటే చెప్పలేం. ఆయన్ని తలుచుకుని ఇలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకి.

“అవునూ, జీపెక్కేదాకా ఎవరికీ చెప్పరు కదా, మీకెలా తెలిసేది?”

“ఒకే ఇంట్లో ఉంటే తెలీదూ?”

కొత్త అధికారి నవ్వు మెల్లగా మాయమైంది. గ్లాసు కింద పెట్టింది.

“రేపే నా మొదటి తనిఖీ అమ్మా. ఒకే ఒక్క టీచరున్న బడి. పిల్లలంటే ప్రాణం పెడుతుంది. కానీ ఇంట్లో తల్లి మంచాన పడింది. చూసుకునేవాళ్లు లేక ఈ మధ్య ఆలస్యంగా వస్తోంది. రేపు గంట కొట్టే వేళకి వెళ్లి నిలబడ్డానంటే సస్పెన్షనే. బడికి తాళం.”

“మరి నువ్వూ ఒక ఫోన్ కొట్టు.”

“నేనా!”

“నువ్వే. ఒక్క పూట ముందు చెప్తే పక్కింటావిడనో, చుట్టాన్నో తల్లి దగ్గర కూర్చోబెట్టి వస్తుంది. ఆ సాయం ఉందని ఒకసారి తెలిస్తే మర్నాడూ అడుగుతుంది. టీచర్ని ఇంటికి పంపితే ఏమొస్తుంది? కొత్త టీచరు వచ్చేదాకా ఆ పిల్లలు రోడ్ల మీద పడాలి. ముందు చెప్పినా సర్దుకోనివాళ్లున్నారు చూడు, వాళ్లని మాత్రం వదలకు. ఆయన మెమోలన్నీ వాళ్లకేగా వెళ్లాయి.”

“మీరు చెప్పేది సబబుగానే ఉందమ్మా. కానీ నా వల్ల కాదు.” అంది కొత్త అధికారి. “అది సారు కుర్చీ. ఆయన్ని చూసే నేను నిజాయితీ అంటే ఏంటో నేర్చుకున్నాను. మొదటి రోజే అందులో కూర్చుని దొంగ ఫోన్లు చెయ్యనా? ఏమీ అనుకోకండి, ఆ ఫోన్లు మీవని తెలిశాక నాకు మీ మీద కాస్త కోపం కూడా వచ్చింది. అంతటి మనిషిని సొంత ఇంట్లోనే మోసం చేశారే అని. మీరంటే భార్య, మీకు చెల్లింది. ఆయనకే గనక తెలిసుంటే మిమ్మల్ని క్షమించేవారా?”

పెద్దావిడ ఆమెని జాలిగా చూసింది. దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది.

“నంబరు కలిపి నా చేతికిచ్చేదే ఆయనమ్మా!”