ఫోను చదివిన కబురు

"ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. భయమెందుకు అక్కా, అదేం కరవదు!" అంది శాలిని. సాంగ్లీలో చూపు లేనివాళ్లకు ఫోను వాడడం నేర్పే తరగతి నడిపే శాలినికీ చూపు లేదు.

ఇందుమతి నవ్వింది. "నాకు చూపొచ్చేదాకానే కదా ఈ తంటా. ఆపరేషన్ తేదీ ఆసుపత్రివాళ్లు పంపగానే మా ఆయన చదివి వినిపిస్తారు."

పక్కనే ఉన్న భర్త దిగంబర్ ఆమె ఫోను తీసి ఆమె చేతికిచ్చాడు.

ఇందుమతి వేలు అద్దంమీద జారింది. ఫోను కబుర్లు పంపినవారి పేర్లు ఒక్కొక్కటే పలికింది: ఆడపడుచు, గ్యాస్ కంపెనీ, కంటి ఆసుపత్రి. ఆమె ఆత్రంగా రెండుసార్లు తట్టింది.

"జూన్ నాలుగు. కంటినరం పూర్తిగా దెబ్బతిన్నది. ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదు."

గణపతి నిమజ్జనమై అప్పటికే వారం దాటింది; ఆ కబురు వచ్చి మూడు నెలలు.

"ఏమండీ, ఇది మీరు చదవలేదా?"

"చదివాను. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"పోనీ, చెరిపేయలేకపోయారా?"

తాను వద్దంటున్నా వినకుండా తనను ఈ తరగతిలో చేర్చింది ఆయనేనని ఇందుమతికి గుర్తొచ్చింది. తాను పలకలేని మాటను ఆమె తనంతట తాను వినే దారి ఆయన వెతికాడు.

ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని శాలిని గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"శాలినీ," అంది, "చెయ్యి కాలకుండా జొన్నరొట్టె తిప్పడం నీకు ఎన్నాళ్లకు వచ్చింది?"