నాగేంద్రమ్మకు నచ్చిన పాట

"మీ ఆవిడకు ఈమధ్య బాగా నచ్చినవేంటో చెప్పండి," అంది డాక్టరమ్మ. "పాటలు, సీరియళ్ళు, పుస్తకాలు... ఏవైనా సరే."

నరసరావుపేటలోని ఆ ఆసుపత్రిలో నాలుగు రోజులుగా రోశయ్యను ఎన్నో అడిగారు. షుగరుందా, బీపీ ఉందా, ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా? అన్నిటికీ జవాబు చెప్పాడు. ఈ ఒక్కటి మాత్రం అతనికి తెలియదు.

క్రోసూరు నుంచి వస్తుంటే ఆటో తిరగబడి నాగేంద్రమ్మ తలకు దెబ్బ తగిలింది. మత్తుమందు ఆపి రెండు రోజులైనా కళ్ళు తెరవలేదు.

"స్కానింగులో పెద్దగా భయపడాల్సిందేమీ లేదు. మరి ఎందుకు లేవడంలేదో తెలియడంలేదు. ఇష్టమైన పాటో, తెలిసిన గొంతో చెవిన పడితే ఒక్కోసారి కదలిక వస్తుంది. వచ్చి తీరుతుందని నేను చెప్పలేను. సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు లోపలికి పంపిస్తాను. ఏదో ఒకటి తీసుకురండి."

"అప్పుడు గూడా లేవకపోతే మేడం?"

"రేపు పొద్దున్నే గుంటూరు తీసుకెళ్ళాలి," అని ఆమె పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

రోశయ్య వరండాలో బల్లమీద కూలబడ్డాడు. బెల్లంకొండ దగ్గర క్వారీలో టిప్పర్ నడుపుతాడతను. తెల్లారకముందే బయల్దేరి, పొద్దుగూకాక ఇల్లు చేరతాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆమె వంకాయ తినదని తెలుసు, ఉరుముకు భయపడుతుందని తెలుసు. పగలంతా ఏం చూస్తుందో, ఏం చదువుతుందో ఎప్పుడూ అడగలేదు.

పక్కింటి హజ్రా బీకి ఫోన్ చేశాడు.

"అక్కా, మా ఆమె నీతో ఏమన్నా చెప్పేదా? ఏ సీరియల్ బాగుంది, ఏంది అని."

"చెప్పకేం తమ్ముడూ. తోడికోడళ్ళిద్దరూ టిఫిన్ సెంటర్ పెట్టే సీరియల్ ఒకటుంది. చూడక్కా, చూడక్కా అని నన్ను గూడా కూర్చోబెట్టింది. ఇప్పుడు నేనే ఒక్క రోజు మానలేకపోతున్నా. లేచిందా?"

"ఇంకా లేదక్కా."

మధ్యాహ్నానికి కూతురు సుకన్య వచ్చింది. సంగతి విని, పుట్టింటికెళ్ళి లైబ్రరీ అట్ట వేసిన నవల ఒకటి పట్టుకొచ్చింది.

"పడవ నడిపే ఆయన కూతురి కథంట నాన్నా. చదవమని ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పోరు. నాకెక్కడ తీరుద్దమ్మా అని కసురుకున్నా." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నీకేమన్నా తెలుసా నాన్నా, ఇష్టమైన పాట లాంటిది?"

అప్పుడు గుర్తొచ్చింది రోశయ్యకు. ఒక పాటుంది. ఫోన్ కొన్న కొత్తలో నాగేంద్రమ్మ "ఇదొకటి వినయ్యా" అని పెట్టింది. సన్నటి గొంతుతో ఎవరో అమ్మాయి వానమీద పాడిన పాట. మధ్యలో రాగం తీసేచోట అతనికి చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుండేది. ఆమె ఆశగా చూస్తుంటే మనసొప్పక, "చానా బాగుంది" అన్నాడు. ఆనాటి నుంచి అతను ఇంట్లో అడుగుపెట్టి కాళ్ళు కడుక్కునే సరికి ఆ పాట మోగాల్సిందే. మూడేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. ఆమె సంతోషాన్ని ఎందుకు చెడగొట్టాలని అతనూ పల్లెత్తు మాట అనలేదు.

"ఉందమ్మా," అన్నాడు. "ఒక్కటి మాత్రం ఖాయంగా తెలుసు."

ఐదింటికి ఇద్దర్నీ లోపలికి పంపించారు. నాగేంద్రమ్మ మొహం పాలిపోయి ఉంది. సుకన్య నవలలో రెండు పేజీలు చదివింది. కదలిక లేదు. ఫోన్లో సీరియల్ పెట్టారు. తోడికోడళ్ళు గట్టిగా పోట్లాడుకుంటున్నారు. రెప్ప కూడా కదలలేదు.

"ఇంక మూడు నిమిషాలు," అంది నర్సు.

రోశయ్య తడుముకుంటూ ఆ పాట వెతికి, ఆమె చెవి పక్కన పెట్టాడు. సన్నటి గొంతు మొదలైంది. రాగం తీసేచోట నాగేంద్రమ్మ చూపుడువేలు కదిలింది.

"నాన్నా, చూడు," అంది సుకన్య.

నర్సు పరుగున వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. "ఆపొద్దు, మళ్ళీ పెట్టండి," అందామె. మళ్ళీ పెట్టాడు. నాగేంద్రమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోసారి పెట్టాడు. తల కొద్దిగా పక్కకు తిరిగింది. నాలుగోసారి పెడుతూ రోశయ్య మనసులో గట్టిగా మొక్కుకున్నాడు. ఈ మనిషి లేస్తే చాలు, బతికినన్నాళ్ళూ రోజూ ఈ పాట వింటాను, ఒక్కసారి కూడా విసుక్కోను.

ఐదోసారి పాట సగంలో ఉండగా నాగేంద్రమ్మ కళ్ళు తెరిచింది.

ముందు దీపం వంక, తర్వాత కూతురి వంక, చివరికి మొగుడి వంక చూసింది. సుకన్య ఏడుస్తూ తల్లి పాదాలు పట్టుకుంది. డాక్టరమ్మ టార్చి వేసి కళ్ళలోకి చూసి, తృప్తిగా తలూపింది. నాగేంద్రమ్మ పెదవులు కదిలాయి. మాట వినపడలేదు.

"ఏందే, ఏం గావాలి? చెప్పు," అంటూ రోశయ్య వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు.

"ఈడ గూడా నీ పాటేనా?" అంది విసుగ్గా.