పాప దొరికింది

బీరువా వెనకనుంచి కత్తెర పిడి వెంట్రుకవాసి బయటికి కనిపిస్తోంది.

అక్క చటుక్కున మౌస్ నొక్కింది. తెరమీద కత్తెర ఒకసారి మెరిసి మాయమైంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఊరందరి గొంతులూ కలిపిన మనిషి. రిటైరయ్యాక కంప్యూటర్లో ఈ ఆట పట్టుకుంది. పాత బంగళాలో ఒక గది, గదినిండా చెత్తాచెదారం, పక్కన వెతకాల్సిన వాటి పేర్లు. కళ్ళల్లో వత్తులేసుకుని వెతకడమే పని. ఆ కాసేపూ తిండి ధ్యాస కూడా ఉండదు.

పక్కగదిలో కుట్టుమిషన్ తొక్కుతూ చెల్లెలు దెప్పుతూనే ఉంటుంది. చెల్లెలంటే చిన్నపిల్లేం కాదు, జుట్టు సగం నెరిసింది. అయినా పుట్టిన రోజునుంచీ ఇంట్లో ఆమె పాపే. అసలు పేరు ఉందిగానీ, దాంతో పిలిచే నాథుడు లేడు.

ఆ మధ్యాహ్నం జాకెట్టు చేతికి వేలాడుతున్న దారం తెంపుకోవడానికి అక్క కత్తెర అడిగింది. పాప తెచ్చి చేతిలో పెట్టింది.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏదో రెండు కాళ్ళ ఇనపముక్క. ఇదెందుకిచ్చిందో అర్థం కాలేదు.

"నేనడిగింది కత్తెరే."

"మరి అదేంటి?" అంది పాప.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వాలకం అని పాప ఒకటే నవ్వు. అక్క కూడా నవ్వింది. నవ్విందిగానీ, చేతిలో ఉన్నదేమిటో అప్పటికీ తెలియలేదు.

మర్నాడు ఆటలో గోడగడియారం దొరికింది. సాయంత్రం హాల్లో కూర్చుని టైమెంతయిందే అని అడిగితే, నెత్తిమీదే ఉంది కదా చూసుకో అంది పాప. తలెత్తితే గోడమీద గుండ్రటి పళ్ళెం, దానిమీద అంకెలు, మధ్యలో తిరుగుతున్న పుల్లలు. అవెందుకు తిరుగుతున్నాయో!

అప్పుడు తగిలింది అక్కకి అనుమానం. ఆటలో తను ఏది కనిపెడితే, ఇంట్లో దాన్ని పోల్చుకోలేకపోతోంది. మాట ఉంటోంది, వస్తువు పోతోంది.

ఎవరితో చెప్పుకోవాలి? పాపతో అంటే డాక్టరు దగ్గరికి పదమంటుంది.

మానేస్తే పోయేదిగా అంటారు. మానేసేదే. కానీ అప్పటికే ఆటలో ఒక ముసలావిడ ఫొటో దొరికిపోయింది.

గూట్లో ఉన్న ఫ్రేములో ఒక ముసలావిడ. విశాలమైన నుదురు, అలిసిన కళ్ళు. ఈవిడెవరే, మనింట్లో పెట్టుకున్నాం అని అక్క అడిగింది. పాప మిషన్ ఆపేసింది.

"అమ్మ, అక్కా."

అక్క బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. అమ్మ ఎప్పుడో పోయింది, ముఖం మాత్రం మిగిలింది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

ఆట తెర అడుగున ఒక వాక్యం ఉంటుంది. అన్నీ దొరికితే తలుపు తెరుచుకుంటుంది అని. తలుపంటూ తెరుచుకుంటే పోయినవన్నీ తిరిగొస్తాయేమోనని అక్క ఆశ. అమ్మ ముఖం ఒక్కసారి చూస్తే చాలు.

ఇంక ఒక్క పేరే మిగిలింది.

పాప.

అక్క తెరమీదికి వంగింది.

వెతకాల్సిన పనేలేదు. తెరమీది గదిలో కిటికీ పక్కనే ఉంది. మెడలో టేపు, పళ్ళమధ్య గుండుసూది. గీసినవాడెవడోగానీ, చెవి వెనక పుట్టుమచ్చతో సహా గీశాడు.

అక్క చెయ్యి లాక్కుని ఒళ్ళో దాచుకుంది. చచ్చినా నొక్కను అనుకుంది.

నొక్కలేదు కూడా. కంప్యూటర్ కట్టేసి లేచిపోయిందా అంటే అదీ లేదు. అమ్మ కావాలి, పాప పోకూడదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా కుదురుతుంది?

అప్పుడు కనిపించింది, కిటికీకి ఎదురుగోడమీద పటం. ఎవరో పెద్దమనిషి. ఇంతింత కళ్ళు. కంటి మధ్యలో నల్లగా, గుండ్రంగా.

కంటిపాప.

నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంది అక్క. అదీ పాపే కదా! వాళ్ళడిగిన పాప ఇదే అయ్యుంటుంది. పోతే ఏం పోతుంది? అద్దంలో చూసుకున్నప్పుడు కంట్లో ఆ నల్లటిదేమిటో తెలియదు. తెలియకపోతే కొంపలేం మునగవు.

వంటింట్లో గిన్నె చప్పుడైంది. టీలో చక్కెర ఎంత వెయ్యమంటావని పాప కేకేసింది. తక్కువే వెయ్యమని అక్క చెప్పింది. ఎన్నాళ్ళకో మనసు తేలికపడింది.

గురిచూసి, పటంలోని కంటిపాపమీద నొక్కింది.

నల్లగుడ్డు మెరిసింది. పెద్దదైంది. అందులో ఎదుటి కిటికీ నీడ పడి ఉంది. కిటికీ పక్కన మెడలో టేపుతో ఒక మనిషి.

అదీ మాయమైంది.

పాప దొరికింది, అని తెరమీద అక్షరాలు పడ్డాయి. తలుపు తెరుచుకుంది. తలుపవతల ఇంకో గది, దాన్నిండా ఇంకా సామాను.

వెనక అడుగుల చప్పుడైతే అక్క తిరిగి చూసింది.

గుమ్మంలో ఎవరో ఒకావిడ. చేతుల్లో రెండు కప్పులు. జుట్టు సగం నెరిసింది. ముఖం చూస్తే మంచి మనిషిలాగే ఉంది.

అక్క గబుక్కున లేచి నిలబడి కుర్చీ ఆవిడవైపు జరిపింది.

"రండి, రండి. బట్టలు కుట్టించుకోవడానికొచ్చారా? కూర్చోండి."

ఆవిడ కదల్లేదు.

"పాపా," అని అక్క వంటింటివైపు తిరిగి పిలిచింది. "నీకోసం ఎవరో వచ్చారే."