తీసేసిన మాట

పాల సంఘం చైర్మన్ కోదండరామయ్య పోయి మూడేళ్లయినా సంఘాన్ని ఇంకా ఆయనే నడుపుతున్నాడు. ఆ కుర్చీ కోసం డైరెక్టర్లు తెగ కొట్లాడుకుని, ఒకరికి ఒకరు వదలక, చివరికి ఆయన గొంతునే యంత్రంలో పెట్టి అక్కడ కూర్చోబెట్టారు. పోయినవాళ్లను ఇలా కుర్చీల్లో కొనసాగించడం అన్ని ఆఫీసుల్లోనూ మామూలైపోయింది కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

ఆ పొద్దున చిల్లింగ్ సెంటర్ ఇన్‌చార్జి భ్రమరాంబ ఆ యంత్రం ముందు నిలబడింది.

"సార్, పాలు చల్లబరిచే మిషన్ మూలుగుతోంది. ఇవాళ్టికి పాలు తీసుకోవద్దంటారా?"

"తీసుకోండమ్మా. ఏం కాదు, నేనున్నాగా."

ఆ గొంతు ఒప్పుకోందే గేటు మూసే అధికారం ఆమెకు లేదు. మధ్యాహ్నానికి పాలన్నీ విరిగిపోయాయి. వాటిని కాలవలో పారబోస్తూ వ్యాను డ్రైవరు తిరుపాలు గొణిగాడు.

"పెద్దాయన బతికుంటే ఇట్టా జరగనిచ్చేవాడా అక్కా?"

భ్రమరాంబ ఇంకో క్యాను కాలవలోకి వంచింది. బతికున్నప్పుడు ఇలాంటి సమయంలో ఆయన ఒకటే మాట అనేవాడు. "నాకు తెలీదమ్మా, నువ్వే చెప్పు." యంత్రానికి ఆయన మాటలు నేర్పే రోజుల్లో, చైర్మన్ నోట ఆ మాట వస్తే సంఘం పరువేం కావాలన్నారు డైరెక్టర్లు. సరేనని, దాన్ని దొరికిన చోటల్లా ఏరి తీసేసింది తనే.

సాయంత్రం మళ్లీ వెళ్లింది.

"సార్, ఒక్కసారి తెలీదనండి."

"నాకు తెలియందేముందమ్మా?" అంది ఆ గొంతు ఆప్యాయంగా. "రేపు కూడా తీసుకోండి."