ఆనుకోవద్దు మేడమ్!

"అటు ఆనుకోవద్దు మేడమ్!"

పుష్పకుమారి టీచర్ అరిచిన అరుపుకి శ్యామలాదేవి ఉలిక్కిపడి గోడకి దూరంగా జరిగింది.

"రంగు అంటుకుంటుందండీ," అంది టీచర్, గొంతు తగ్గించి.

శ్యామలాదేవి శిశు సంక్షేమ శాఖలో అధికారి. ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో, ఎండ పూర్తిగా ముదరకముందే, ఆమెను ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కించింది ఒక అర్జీ. దాని కింద ముప్ఫై రెండు వేలిముద్రలు. అన్నీ జూబ్లీహిల్స్‌లో లేస్తున్న బంగళాలకు రాళ్లు మోసే ఆడవాళ్లవి. 'మా పిల్లలకు బడి ఉంది, టీచరమ్మ ఉంది. తిండే లేదు' అని ఎవరిచేతో రాయించారు.

బడిని చూడగానే ఆమెకి ముచ్చటేసింది. ఎర్ర పెంకుల కప్పు. వరండాకి నాలుగు తెల్లటి స్తంభాలు. గోడ నిండా అక్షరాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో బొమ్మ.

"నా కింద ఇరవై ఆరు అంగన్‌వాడీ సెంటర్లున్నాయమ్మా. సగం రేకుల షెడ్లే. ఇంత చక్కటి బడి ఎవరు కట్టించారు?"

"సినిమావాళ్లండీ."

"ఎంత మంచి మనసు!"

టీచర్ కొంగు సర్దుకుంది.

లోపల చాప మీద పాతికమందికి పైగా పిల్లలు. అందరికన్నా పెద్దవాడికి ఐదేళ్లు. అందరికన్నా చిన్నది ఇంకా చాప అంచు నములుతోంది. పని మధ్యలో పరిగెత్తుకొచ్చిన ఎల్లమ్మ నెత్తి మీద చుట్టకుదురు కూడా తీయకుండా గుమ్మంలో నిలబడింది.

"ఇంతకుముందు పోరగాళ్లను ఇసుక కుప్ప పక్కన పండబెట్టేటోళ్లం మేడం. ఎండకు తాళలేక ఏడ్సి ఏడ్సి నిద్రపోయేటోళ్లు. మా నర్సి అయితే లేచి నడుస్తదన్న ఆశ కూడా లేకుండె. ఇప్పుడు దాన్ని పట్టుకునుడే కష్టం. ఇంటికో పిడికెడు బియ్యమిస్తం, టీచరమ్మ గంజి కాస్తది. గంతే."

శ్యామలాదేవి మూడేళ్ల నర్సిని దగ్గరికి పిలిచి జబ్బ కొలిచింది. సన్నగా ఉంది గానీ పర్వాలేదు. కొలుస్తున్న టేపుని నర్సి లాక్కుని ఆమె జబ్బ కొలిచింది.

"మస్తు లావున్నవ్ మేడం."

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. శ్యామలాదేవి కూడా నవ్వుతూ లేచి వెనక తలుపు వైపు నడిచింది.

"ఇది వంటగదా?"

"గా తలుపెనక ఏం లేదు మేడం. గుట్టనే ఉంది," అంది నర్సి.

"అది తెరవమండీ," అంటూ టీచర్ అడ్డం వచ్చింది. "తెరిస్తే పిల్లలు రాళ్లలోకి పారిపోతారు."

"మంచి జాగ్రత్తే. ట్రైనింగ్ ఎక్కడ?"

"ఇక్కడేనండీ. రెండ్రోజులు చెప్పారు. ఎలా నడవాలి, పిల్లల్ని ఎలా పలకరించాలి, బెత్తం ఎలా పట్టుకోవాలి. బెత్తం నాకు నచ్చలేదు, పారేశాను."

"మరి మిగతాదంతా?"

"పిల్లలే నేర్పారండీ."

అప్పుడే బయట లారీ ఆగింది. గడ్డపారలతో నలుగురు కూలీలు దూకారు. ముందు సీట్లోంచి సుబ్బరామయ్య దిగాడు. ఆ స్థలం వ్యవహారాలన్నీ చూసే మేనేజరు ఆయన. పుష్పకుమారి వరండాలోకి ఉరికింది.

"రెండుసార్లు గడువిచ్చానమ్మా. ఇవాళ ఖాళీ చేయాల్సిందే. పైనుంచి నాకు చీవాట్లు పడుతున్నాయి."

"ఒక్క గంటండీ. ఆఫీసరమ్మ వచ్చారు. ఆవిడ సంతకం పెడితే పిల్లలకి రోజూ తిండి వస్తుంది. బడికి ఇల్లంటూ లేకపోతే పెట్టరు."

"గంటా లేదు, గింటా లేదు!"

ఆయన చెయ్యి ఎవరో పట్టుకుని లాగారు. కిందికి చూశాడు. నర్సి.

"గంజి టైమయింది సారూ. కాళ్లు కడుక్కొని కూసో."

ఆ బడిలో గంజి వేళకి ఎవరొచ్చినా వరసలో కూర్చోవాల్సిందే. సుబ్బరామయ్య చుట్టూ చూశాడు. కూలీలు నవ్వు ఆపుకుంటున్నారు. పెద్ద బొజ్జ వేసుకుని ఆయన అవస్థపడుతూ ఇద్దరు పిల్లల మధ్య చతికిలబడ్డాడు. పక్కనున్న బుడ్డోడు ఆయన గిన్నెలోకి తొంగిచూసి, తనదాంట్లో ఎక్కువుందని తేల్చుకుని తృప్తిగా తాగాడు. అది అయిపోయాక ఆయన గిన్నె వైపు మళ్లీ చూశాడు. సుబ్బరామయ్య ఇబ్బందిగా కదిలి, తన గంజి సగం వాడి గిన్నెలో వంపాడు.

శ్యామలాదేవి కాగితాలు తీసింది. రాయబోతూ ఆగింది. ఎవరూ చూడకుండా వేలి కణుపులతో గోడ మీద రెండుసార్లు కొట్టింది. ఆ చప్పుడుకి టీచర్ ముఖం పాలిపోయింది.

ఆమె గోడని చూసింది. టీచర్‌ని చూసింది. గిన్నె అడుగు నాకుతున్న నర్సిని చాలాసేపు చూసింది. తర్వాత 'భవనం' అన్నచోట 'ఉంది. బలపరచాలి' అని రాసి, కింద గట్టిగా సంతకం పెట్టింది.

"సోమవారం నుంచి రవ్వ, పాలపొడి వస్తాయి. నీ పేరు కూడా పంపుతున్నానమ్మా. అసలు ట్రైనింగ్ మేమిస్తాం. బెత్తం ఉండదులే."

శ్యామలాదేవి జీపు గుట్ట దిగిపోయింది. ఎల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ పనికి పరిగెత్తింది. పుష్పకుమారి స్తంభం పక్కన నిలబడిపోయింది, దాన్ని ముట్టుకోకుండా.

"మొదలుపెట్టమంటారా సార్?" కూలీ ఒకడు గడ్డపార ఎత్తాడు.

సుబ్బరామయ్య మూతి తుడుచుకుని నెమ్మదిగా లేచాడు.

"లారీ వెనక్కి తిప్పండ్రా, షూటింగ్ అయిపోయి మూడు నెలలైనా ఈ అట్టముక్కల సెట్టింగు ఎందుకు విప్పలేదని ప్రొడ్యూసర్ గారడిగితే, టీచరు వేషం కట్టిన జూనియర్ ఆర్టిస్టు ఇంకా మేకప్పు తీయలేదని చెప్తా."